తొక్కలలోయ తైలం

మందారవతీ నగరానికి ఉత్తరాన, తామ్రవేణీ నది ఒడ్డున, రాజుగారి పానకశాల ఉంది. ముందువైపు నుంచి చూసినవాడు దాన్ని స్వర్గం అనుకుంటాడు. కనుచూపు మేర నారింజ తోటలు. అస్తమించే సూర్యుణ్ణి ముక్కలు చేసి కొమ్మకొమ్మకూ వేలాడదీశారా అన్నట్టు పండ్లు. ఏనుగులు తిప్పే రాతిగానుగల కింద నుంచి పాలరాతి తొట్లలోకి జలజలా దూకే పసిడి రసం. ఆ రసాన్ని కుండలకెత్తి సముద్రం మీదికి తీసుకుపోయే తెల్లటి తెరచాపల ఓడలు. వెనకవైపు మాత్రం ఒక లోయ. గానుగలు పిండి వదిలేసిన తొక్కలన్నీ తరతరాలుగా ఆ లోయలోకే పోతున్నాయి. పైన ఎండినవి, కింద కుళ్ళినవి, వాటి మీద ముసిరే జోరీగలు. జనం దాన్ని తొక్కలలోయ అంటారు. అటు పోవలసి వస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ పోతారు.

ఆ మధ్యాహ్నం ఒక కూలివాడు నెత్తిన తొక్కల గంపతో లోయ అంచుకు వచ్చాడు. ముతక పంచె, ఒంటి నిండా మసి, మాసిన తలపాగా. పానకశాలలో అందరూ అతన్ని పుల్లప్ప అని పిలుస్తారు. అసలు పేరు ఉదయకేతుడు. వజ్రకూట రాజ్యానికి చిన్న రాజకుమారుడు. అతని అన్న అభయకేతుడు వేటకని బయలుదేరి, ఈ దేశపు పొలిమేరల్లో పరివారంతో సహా మాయమయ్యాడు. జాడ వెతుక్కుంటూ వచ్చిన ఉదయకేతుడికి చివరికి తెలిసిన సంగతి ఇది: జటాశంబరుడనే మాంత్రికుడు వాళ్ళందరినీ పట్టి, నదికి ఆవల ఉన్న బంకకొండ గుహలో గోడలకు అంటించి ఉంచాడు.

అంటించింది మామూలు జిగురుతో కాదు. జటాశంబరుడు కొండమీద చెట్ల కన్నీటిని మంత్రాలతో కాచి తయారుచేసే మంత్రబంక అది. పడినప్పుడు తేనెలా సాగుతుంది. గాలి తగిలితే రాయిలా బిగుస్తుంది. కత్తి దిగదు, గొడ్డలి దిగదు. మరిగే నీళ్ళు పోస్తే లోపలి మనిషి ఉడుకుతాడేగాని బంక వదలదు. నిప్పు పెడితే బంకా మనిషీ కలిసి బూడిదవుతారు. అలా బంకలో బిగిసినవాళ్ళు చావకా బతకకా, కళ్ళు మూసుకుని, గ్రహణం కోసం ఎదురుచూస్తున్నారు. రాబోయే సూర్యగ్రహణం నాడు, పట్టపగలు చీకటి పడ్డ ఆ కాసేపట్లో, వాళ్ళందరి ఆయువునూ తనలోకి పీల్చుకోవాలని మాంత్రికుడి సంకల్పం.

ఉదయకేతుడు గంప బోర్లించి వెనుదిరిగాడు. ఎదురుగా బంకభటులు! మాంత్రికుడి సేవకులు వాళ్ళు. నడుములకు మంత్రబంక నింపిన పొడుగాటి సొరబుర్రలు. వాళ్ళ నాయకుడు రాజకుమారుడి మణికట్టు పట్టుకుని అరచెయ్యి వెల్లకిలా తిప్పి చూశాడు.

"గంపలు మోసేవాడి చేతికి కత్తిపిడి కాయలేమిట్రా?" అన్నాడు.

"కొడవలి పట్టిన కాయలు దొరా! మాది కోతలూరు."

"అట్లాగా! మరి గుహకు దారేదని పొద్దున పడవవాణ్ణి అడిగింది కూడా కోతలకేనా?"

ఆ మాట పూర్తయ్యేలోగా ఉదయకేతుడు మోచేత్తో వాడి గుండెల్లో ఒక్క పోటు పొడిచాడు. వాడు కూలబడ్డాడు. రెండోవాణ్ణి పట్టి మూడోవాడి మీదికి విసిరాడు. కాని అప్పటికే ఒక సొరబుర్ర తెరుచుకుంది. నల్లని బంకపాశం ఒకటి బుస్సున వచ్చి అతని చేతులను ఛాతీకి చుట్టేసింది. మరొకటి కాళ్ళకు తగిలింది. బంక బిగుస్తోంది. దొరికిపోతే గుహలో అన్న పక్కనే మరో బొమ్మ. ఆలోచనకు వ్యవధి లేదు. ఉదయకేతుడు నిలువునా వెనక్కి ఒరిగి లోయలోకి దొర్లిపోయాడు.

దొర్లి దొర్లి తొక్కల గుట్టలో కూరుకుపోయాడు. పైనుంచి మరో గుట్ట జారి అతన్ని కప్పేసింది.

"పోతే పోనీ!" పైనుంచి నాయకుడి గొంతు దగ్గుతూ వినిపించింది. "కాళ్ళూ చేతులూ బిగిసి ఎక్కడికి పోతాడు? గ్రహణం అయ్యాక వచ్చి ఏరుకుందాం. పదండి, ఈ కంపులో నిలబడితే మనం పోతాం!"

అడుగుల చప్పుడు దూరమైంది. తొక్కల కింద ఆవిర్లు కక్కే వేడి. ఊపిరాడదు, కళ్ళు తెరవలేడు. ఉదయకేతుడు భుజాలతో తొక్కలను నలుపుతూ, మొహానికి గాలి తగిలేలా తల పైకి నెట్టుకున్నాడు. నలిగిన తాజా తొక్కల్లోంచి సన్నని తుంపర చిమ్మి కళ్ళలో పడింది. భగ్గుమని మండింది. చర్మం మీద చీమలు కుట్టినట్టయింది. అయినా ఆగకుండా గింజుకున్నాడు. ఎంతసేపు గింజుకున్నాడో అతనికే తెలియదు. ఉన్నట్టుండి కుడి మోచెయ్యి కొద్దిగా కదిలింది.

అతను నిశ్చేష్టుడయ్యాడు. మళ్ళీ కదిపి చూశాడు. రాయిలా బిగిసిన పాశం పాకంలా సాగుతోంది! తొక్కలు నలిగి తడిసిన చోటల్లా మెత్తబడి, తీగలు తీగలుగా ఊడివస్తోంది. చేతులు విడిపడగానే ఉదయకేతుడు దోసిళ్ళతో తొక్కలు తీసుకుని ఒళ్ళంతా రుద్దుకున్నాడు. కాళ్ళు వచ్చాయి. గుట్ట మీద వెల్లకిలా పడుకుని, ఆ దుర్గంధాన్నే గుండెల నిండా పీల్చుకుని, ఆకాశాన్ని చూస్తూ పెద్దగా నవ్వాడు.

"కదలకు! కదిలావో గొంతు కోస్తాను."

తలవైపు నుంచి వచ్చిందా గొంతు. పూలుకోసే వంకర కత్తి ఒకటి అతని కంఠం మీద ఆనింది.

"అమ్మాయీ!" అన్నాడు ఉదయకేతుడు కదలకుండానే. "ఇప్పుడే రెండు చేతులూ తిరిగి వచ్చాయి. గొంతును కూడా కొన్నాళ్ళు ఉండనియ్యి."

కత్తి పట్టుకున్న పిల్ల పేరు లవంగిక. లోయ దిగువన, నది ఒడ్డున, అత్తరు తీసే గంధకారుల ఇల్లు వాళ్ళది. సంపెంగ రంగు మొహం, పొగకు ఎర్రబడ్డ కళ్ళు, ఎడమ మణికట్టుకు నల్లటి బంక కడియం. ఆ కడియం పానకశాలలోనూ దాని చుట్టుపక్కలా పనిచేసే ప్రతివాడికీ ఉంటుంది. పొలిమేర దాటబోతే అది బిగుసుకుని ఎముక విరుస్తుంది. కొత్తగా చేరిన పుల్లప్పకు ఇంకా వెయ్యలేదు, అంతే.

"బంకపాశం పడి విడిపించుకున్నవాడు ఈ దేశంలో పుట్టలేదు," అంది లవంగిక. "నువ్వు మాంత్రికుడి మనిషివి. మా నాన్నను తీసుకుపోయింది చాలక ఇప్పుడు నా కోసం వచ్చావు."

"మీ నాన్ననా?"

"కస్తూరయ్య. గుహలో కుళ్ళు వాసన తెలియకుండా ధూపం చేసి ఇమ్మన్నాడా పాపిష్టివాడు. నరబలికి సుగంధం చెయ్యనన్నాడు మా నాన్న. ఆయన్నూ గోడకు అంటించారు."

ఉదయకేతుడు మెల్లగా లేచి కూర్చున్నాడు. "మా అన్న కూడా ఆ గోడకే ఉన్నాడు. నమ్మకం లేకపోతే కత్తి అలాగే ఉంచు. ఎడమ చెయ్యి మాత్రం ఇలా ఇవ్వు."

కుడిచేత్తో కత్తి అతని గొంతుకే ఆనించి ఉంచి, ఎడమ చెయ్యి చాపింది. అతను తాజా తొక్కల్ని గుప్పిట నలిపి కడియం మీద రుద్దసాగాడు. తొక్క వెనక తొక్క నలిగింది. మొదట కడియం మెరుపు పోయింది. తరువాత అంచులు జారాయి. కాసేపటికి నల్లటి జిగురు చుక్కలుచుక్కలుగా ఆమె వేళ్ళ మీదుగా కారి నేల మీద పడింది.

లవంగిక తన ఖాళీ మణికట్టును తడిమి చూసుకుంది. కత్తి ఎప్పుడు జారిపోయిందో ఆమెకు తెలియలేదు. కన్నీళ్ళు తుడుచుకోబోయి ఆ వేళ్ళే కళ్ళకు తగిలి "అబ్బా!" అని కేకపెట్టింది. తరువాత ఆ వేళ్ళనే ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. మొహంలో ఏడుపు మాయమై వెలుగు వచ్చింది.

"ఇది రసం కాదు, తైలం! తొక్కమీది సన్నటి బుడిపెల్లో ఉంది. మల్లెల్లోంచి తీస్తాం, వట్టివేళ్ళలోంచి తీస్తాం, మొగలిరేకుల్లోంచి తీస్తాం. గుమ్మం ముందు కొండలా పడి ఉన్న దీన్ని చూసి ఇన్నేళ్ళూ ముక్కు మూసుకుని కూర్చున్నాం!"

"తొక్కతో రుద్దితే కడియానికే ఇంతసేపు పట్టింది. మనుషుల్ని విడిపించాలంటే?"

"రుద్దడమెందుకు? తీద్దాం. కుండల కొద్దీ తీద్దాం!"

తెల్లవారేసరికి నది ఒడ్డున పొయ్యి రాజుకుంది. లవంగిక తన అత్తరు బానలో కొత్త తొక్కలు నింపి, నీళ్ళు పోసి, మూతను మినపపిండితో బిగించింది. మూతలోంచి వెదురు గొట్టం బయలుదేరి, చల్లని నదీజలంలో ముంచిన రాగి చెంబులోకి దిగింది. ఉదయకేతుడు మంట ఎగదోస్తూ కూర్చున్నాడు. బాన కుతకుతలాడింది. ఆవిరి గొట్టంలోకి ఎక్కింది, చల్లబడింది, చెంబులోకి చుక్కలుగా రాలింది. చెంబు నిండాక చూస్తే అడుగున నీళ్ళు, పైన లేత పసుపు రంగులో తేలే పలచని తైలం. లవంగిక దాన్ని ఈకతో పైపైన తేల్చి సీసాలోకి తీసింది. నిన్న ఊడిన పాశం ముక్క ఒకటి దొరికితే దాని మీద ఒక చుక్క వేసింది. ముక్క కరిగి మాయమైంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఊపిరి వదిలారు.

"ఏందే లవంగీ, పొద్దున్నే ఈ వాసనేంది?"

పొదలు తోసుకుంటూ వస్తున్నది పానకశాల మేస్త్రి దుగ్గన. బానపొట్ట, చేతిలో బెత్తం. అతని గొంతు లేస్తే ఏనుగులు కూడా నడక సరిచేసుకుంటాయి. వచ్చి పొయ్యిని చూశాడు, సీసాను చూశాడు. చచ్చాడనుకున్న పుల్లప్పను చూశాడు. చివరికి లవంగిక మణికట్టు మీద అతని చూపు ఆగిపోయింది.

"కడియమేదే?" అన్నాడు. గొంతు పూర్తిగా మారిపోయింది.

ఉదయకేతుడి చెయ్యి పొయ్యిలోని కొరవి మీదికి వెళ్ళింది. దుగ్గన ఒక్క కేక పెడితే భటులు దిగుతారు. లవంగిక మాత్రం లేచి తిన్నగా వెళ్ళి, మేస్త్రి లావాటి చెయ్యి పట్టుకుని, కడియం మీద సీసా వంచింది. అతను వద్దనలేదు, అరవలేదు. రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడ్డాడు. కడియం కింద ఒరుసుకుపోయిన తెల్లటి మచ్చ బయటపడింది.

దుగ్గన అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "మా అమ్మ పోయిందని కబురొస్తే పొలిమేర దాటలేక ఇక్కడే కూలబడి ఏడ్చినానమ్మా," అన్నాడు మణికట్టును చెంపకు ఆనించుకుని. తరువాత బెత్తం రెండుగా విరిచి పొయ్యిలో పారేశాడు. "ఈ చిన్న బానతో ఏం సాలుద్ది? నా పానకం కాగులున్నాయి. ఏనుగు మునిగేంత కాగులు! ఎవడన్నా అడిగితే, గ్రహణం పూజకి గంధపు దీపతైలం చెయ్యమని బంకకొండ స్వామి ఆజ్ఞ అని చెప్తా. నన్ను కాదనే మొనగాడెవడు?"

ఆ రోజంతా పానకశాలలో పెద్ద కాగులు మరిగాయి. దుగ్గన దగ్గరుండి నడిపించాడు. కూలివాళ్ళు ఎందుకు ఏమిటని అడగలేదు. మేస్త్రి బోసి చెయ్యి చూసి, లోయలోంచి గంపలు పరుగున మోశారు. తోలు తిత్తులు ఒకటొకటిగా నిండాయి. పనిలో పనిగా లవంగిక ఇంకొకటి కనిపెట్టింది. తైలం తీశాక కాగులో మిగిలిన తొక్కల నీళ్ళు, చల్లారేసరికి పెరుగులా తోడుకుని తొణికాయి. తైలం పడి ఎర్రగా పొక్కిన ఉదయకేతుడి చేతులకు ఆ గుజ్జు పూస్తే మంట చప్పున చల్లారింది. దుగ్గన దాన్ని కాస్త నాలిక మీద వేసుకుని, "బెల్లం కలిపితే పథ్యానికి పెట్టొచ్చు!" అన్నాడు. దాన్ని కూడా కుండలకెత్తారు.

మర్నాడు గ్రహణం. సూర్యబింబపు అంచును నీడ కొరకడం మొదలైన వేళకు, ఒక పడవ తామ్రవేణిని దాటి బంకకొండ కింద ఆగింది. తెడ్డు వేసింది దుగ్గన. నార చీర కట్టి, నుదుట విభూతి రేఖలు తీర్చిన లవంగిక దీపదాసిలా దిగింది. జడలు కట్టిన దొంగజుట్టు, మెడలో రుద్రాక్షలు, భుజాన తిత్తులతో ఉదయకేతుడు మాంత్రికుడి శిష్యుడిలా వెనకనే నడిచాడు. గుహ ముందు కాపలా ఉన్నది ఆ భటనాయకుడే! రాజకుమారుడు తల దించుకుని జడలు మొహం మీదికి లాక్కున్నాడు.

"ఏమిటవి?"

"గ్రహణ దీపాలకు గంధతైలం," అంది లవంగిక. "లోపలి పాత దీపాలు ఆర్పి కొత్తవి వెలిగించమని స్వామి ఆజ్ఞ."

"తైలమని నేనెలా నమ్మను? వెలిగించి చూపించు."

ఉదయకేతుడు ప్రమిదలో నాలుగు చుక్కలు పోసి చేతికిచ్చాడు. భటుడు దివిటీ దగ్గర పెట్టి, వాసన చూద్దామని మొహం వంచాడు. భగ్గుమని మంట లేచింది! అతని మీసం ఒకవైపు మాడి చుట్టుకుపోయింది. మిగిలిన భటులు నవ్వు ఆపుకోలేక అటు తిరిగారు. నాయకుడు మూతి మూసుకుని, "తైలమే! పొండి, పొండి!" అని దారి వదిలాడు.

లోపలికి వచ్చాక లవంగిక అతని చెవిలో, "చూశావుగా? ఒక్క నిప్పురవ్వ చాలు. మనమూ వాళ్ళూ అందరం మసి," అంది.

అందుకే ముందు దివిటీలు ఆర్పుతూ నడిచారు. గుహ లోపలికి వెళ్ళేకొద్దీ పెద్దదవుతూ, చివరికి రాజసభామండపమంత విశాలంగా తెరుచుకుంది. పైకప్పులోని బిలం గుండా కుంకుమపువ్వు రంగులో పలచని ఎండ దిగుతోంది. ఆ వెలుగు చొచ్చి గోడల మీది నల్లని బంక అంతా పుష్యరాగంలా మెరుస్తోంది. ఆ మెరుపు లోపల మనుషులు! కత్తి దూయబోతూ ఆగిన యోధులు, గుర్రం కళ్ళెం పట్టుకున్న రౌతులు, చేతులు జోడించిన బ్రాహ్మణులు, సరుకుల మూటలతో వర్తకులు. ఏ శిల్పీ చెక్కని శిల్పాలు. ప్రతి మూతి దగ్గరా చిన్న రంధ్రం; దాని చుట్టూ ఊపిరి ఆవిరి.

ఉదయకేతుడు వరస వెంట పరుగెత్తాడు. బల్లెం ఎత్తిన చేత్తో, గడ్డం పెరిగి, ఎముకలు తేలి, అభయకేతుడు కనిపించాడు.

తిత్తి మూతి విప్పి అన్న తల మీద నుంచి తైలం వంచాడు. ధార నుదుటి మీదుగా జారింది. బంక చలించలేదు. మళ్ళీ పోశాడు. ఇంకా చలించలేదు. బిలంలోంచి వచ్చే వెలుగు సన్నబడుతోంది. ఎక్కడో కొండ శిఖరాన జటాశంబరుడి మంత్రఘోష మొదలైంది. ఉదయకేతుడు మూడోసారి తిత్తి ఎత్తాడు.

"తొందరపడకు," అంది లవంగిక. "ఇది కడియం మందం కాదు. నానాలి."

నానింది. ముందు కనుబొమల దగ్గర ఒక పగులు. తరువాత చెంప మీద ఒక ముడత. ఆ తరువాత పెద్ద తెర ఒకటి భుజాల మీద నుంచి జారి నేల మీద కుప్పగా పడింది. అభయకేతుడి చేతిలో బల్లెం ఖణేలుమని రాలింది. అతను ముందుకు ఒరిగాడు. తమ్ముడు రెండు చేతులా పట్టుకున్నాడు. అభయకేతుడి ఛాతీ పొంగింది. ఒక పొడుగాటి ఊపిరి లోపలికి వెళ్ళి, దగ్గుతో బయటికి వచ్చింది.

"తమ్ముడూ!" అన్నాడు కళ్ళు తెరిచి. "నా పులి ఏది? ఇప్పుడే ఈ పొదలోకి దూరింది..."

ఉదయకేతుడు నవ్వుతూ, ఏడుస్తూ, అన్న మొహానికి చల్లని గుజ్జు పూశాడు. "పులి పోయి చాలా కాలమైంది అన్నా! పిల్లల్ని కని ఉంటుంది."

అవతల లవంగిక తండ్రిని విడిపించింది. కస్తూరయ్య కళ్ళు తెరుస్తూనే ముక్కు ఎగబీల్చి, "నారింజ! ఎవరు తీశారమ్మా ఇంత నికార్సయిన తైలం?" అన్నాడు. కూతురు ఆయన మెడ కావలించుకుంది. ఇక పని వేగం పుంజుకుంది. విడిపడ్డవాడు పక్కవాణ్ణి విడిపించాడు. గుహ అంతటా దగ్గులు, కేకలు, బంక తెరలు జారిపడే చప్పుళ్ళు. ఒకడు తన కాళ్ళు తానే తడుముకుని గంతులు వేశాడు. ఒకడు గుజ్జుకుండలో చెయ్యిపెట్టి ఆవురావురుమని తిన్నాడు.

అంతలో బిలంలోని వెలుగు పూర్తిగా ఆరిపోయింది. సంపూర్ణ గ్రహణం! పైనుంచి మెట్ల మీదుగా ఒక దివిటీ దిగివస్తోంది.

జటాశంబరుడు! తాడిచెట్టంత ఎత్తు, ఆరు బారల జడలు, మెడ నుంచి మడమల దాకా నల్లగా మెరిసే బంక కవచం. ఏ ఆయుధమూ తూట్లు పొడవలేని కవచమది. గోడలు ఖాళీగా ఉండటం చూసి ఆ మాంత్రికుడు పెట్టిన బొబ్బకు కొండ అదిరింది.

"ఎవడ్రా నా పంట కోసింది?"

"అందరూ నది వైపు పరుగెత్తండి!" అని ఉదయకేతుడు కేకవేశాడు. నేలంతా తైలపు మడుగులు. ఆ దివిటీ కింద పడితే ఇంకేమీ మిగలదు. అభయకేతుడు బల్లెం అందుకుని అడ్డం తిరిగాడు, కాని కాళ్ళు ఇంకా తేలిపోతున్నాయి. కస్తూరయ్య అతన్ని భుజానికెత్తుకున్నంత పని చేసి ద్వారం వైపు లాక్కుపోయాడు. లవంగిక చివరి తిత్తిని రాజకుమారుడి చేతికి విసిరి, ముసలివాళ్ళను నడిపిస్తూ పరుగెత్తింది.

ఉదయకేతుడు ఒంటరిగా నిలబడ్డాడు. మాంత్రికుడు దండం ఎత్తి మంత్రం అందుకున్నాడు. అది ముగిసేలోగా రాజకుమారుడు గంతువేసి, తిత్తిని అతని రొమ్ము మీద బలంగా విసిరికొట్టాడు. తోలు పగిలింది. తైలం కవచమంతా పరుచుకుంది. జటాశంబరుడు వికవిక నవ్వాడు. మరో అడుగు వెయ్యబోయాడు. అడుగు పడలేదు. కవచం కరిగి, కాళ్ళ మీదుగా కారి, అతని పాదాలనే మెట్టుకు అంటించేసింది! కవచం జారినకొద్దీ లోపలి నుంచి తాడిచెట్టు కాదు, కొంగలాంటి మెడతో ముడుచుకుపోయిన ఒక ముసలివాడు బయటపడ్డాడు.

"వద్దు! దివిటీ వదలకు!" అని ఉదయకేతుడు అరిచాడు.

బలం ఉడిగిన ఆ చేతిలోంచి దివిటీ జారింది. రాజకుమారుడు వెనక్కి చూడలేదు. మంట తరుముకొస్తుంటే గుహలోంచి బాణంలా దూసుకువచ్చి, తిన్నగా తామ్రవేణిలోకి దూకాడు. వెనక కొండ నోరు ఎర్రగా తెరుచుకుని అగ్నిజ్వాలను ఉమిసింది. ద్వారంలోంచి జనం వరదలా విరుచుకుపడ్డప్పుడే మీసం మాడిన నాయకుడూ, అతని భటులూ సొరబుర్రలు పారేసి అడవిలోకి పరుగుతీశారు.

నీళ్ళలోంచి తల ఎత్తేసరికి దుగ్గన తెడ్డు చాపాడు. భటులు వదిలేసిన పడవలన్నిటిలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఎవరూ వెనకబడలేదు. అభయకేతుడు తమ్ముణ్ణి జుట్టు పట్టుకుని పడవలోకి లాగి గట్టిగా అదుముకున్నాడు. సరిగ్గా అప్పుడే సూర్యుడి అంచు మీద ఒక వజ్రం మెరిసింది; ఎండ నది పొడుగునా పరుచుకుంది; పిట్టలు తెల్లవారిందనుకుని కూతలు మొదలుపెట్టాయి. పడవల్లో జనం మొహాలు పైకెత్తి, కళ్ళు మూసుకుని, ఆ ఎండలో ఊరికే అలా కూర్చున్నారు. లవంగిక, తండ్రి ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా నిద్రపోయింది.

ఆ ప్రశాంతత మీద ఒక నీడ కదిలింది. పొగలోంచి బ్రహ్మాండమైన రాబందు ఒకటి పైకి లేచింది. దాని కాళ్ళను పట్టుకుని, ఒళ్ళంతా పొగలు కక్కుతూ, జటాశంబరుడు వేలాడుతున్నాడు. పక్షి ఒక్కసారి పడవల మీద చక్కర్లు కొట్టి, దక్షిణంగా మళ్ళి, మందారవతి కోట బంగారు శిఖరం మీద వాలింది. కోటలో నగారాలు మోగాయి.

"కోటలోకెందుకు పోయాడు?" అన్నాడు ఉదయకేతుడు.

పడవ కొనలో, గడ్డానికి అంటిన గుజ్జు తుడుచుకుంటున్న ఒక వృద్ధుడు నవ్వాడు. గోడలో అభయకేతుడి పక్కన ఉన్నవాడు ఆయన. ఇంతసేపూ ఎవరూ ఆయన్ని పట్టించుకోలేదు. ఎండ ఆ మొహం మీద నిండుగా పడింది. తెడ్డు వేస్తున్న దుగ్గన అటు చూసి, చూసి, తెడ్డు వదిలేసి పడవలో సాష్టాంగపడ్డాడు. పడవ గిర్రున తిరిగింది.

"మహాప్రభో! తమరా? మరి మొన్న దసరాకి ఏనుగెక్కి ఊరేగినోరెవరు? ఇప్పుడు కోటలో కూకున్నోరెవరు?"

"నాకూ అదే తెలియాలి మేస్త్రీ," అన్నాడు మందారవతీ ప్రభువు రత్నపాలుడు. "నా మొహం పెట్టుకుని, నా సింహాసనం మీద కూర్చుని, నా ప్రజల చేతులకు సంకెళ్ళు వేసినవాణ్ణి ఒకసారి దగ్గరగా చూడాలని ఉంది." ఆయన అన్నదమ్ములిద్దరి వైపూ తిరిగాడు. "వజ్రకూటానికి దారి అటు, నాయనలారా! మీ పని అయిపోయింది. సుఖంగా వెళ్ళిరండి."

అభయకేతుడు తమ్ముడి మొహంలోకి చూశాడు. ఉదయకేతుడు వంగి, నీళ్ళలో కొట్టుకుపోతున్న తెడ్డును అందుకుని, పడవ ముక్కును కోట వైపు తిప్పాడు.